సుగ్గికి పోని ఏడాది

తొలకరి వాన పడిన రెండో రోజు నాగప్ప పత్తి విత్తనాల పాకెట్లు తేవడానికి ఎమ్మిగనూరు ప్రయాణమయ్యాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి రాబోతే భార్య చౌడేశ్వరి గడప మీద కూర్చుని ఉంది. లేచి దారి ఇవ్వలేదు.

“రెండెకరాలకే తీసుకో. ఒక ఎకరా నాకు ఇడిసిపెట్టు,” అంది.

వాళ్ళకున్నదే మూడెకరాల నల్లరేగడి. బోరు లేదు, కాలువ లేదు. మబ్బు చూసుకుని విత్తుకోవాల్సిన నేల. పదేళ్ళుగా మూడెకరాల్లోనూ పత్తే వేస్తున్నారు.

“నీకెందుకే ఎకరా?”

“కొర్ర వేస్తా. అయిదు సాళ్ళు కొర్ర, ఒక సాలు కంది.”

నాగప్పకు నవ్వొచ్చింది. “ఇప్పుడు కొర్ర ఎవురు కొంటారు?”

“అమ్మేదానికి కాదయ్యా, తినేదానికి. ఈ ఏడు నేను సుగ్గికి రాను. పాపను కూడా తోలుకపోనియ్యను.”

అతని నవ్వు ఆగిపోయింది.

వాళ్ళ ఊరు ఈరనదొడ్డిలో సుగ్గి అంటే వలస. పత్తి ఏరడం అయిపోగానే జనవరిలో లారీలొస్తాయి. ఇళ్ళకు తాళాలేసి, వంటసామాను మూటగట్టుకుని, పిల్లలను వెంటబెట్టుకుని జనం గుంటూరు పక్క మిరప కోతలకు పోతారు. మళ్ళీ ఊరు చేరేది ఏప్రిల్‌లోనే. ఆ నాలుగు నెలలూ ఊళ్ళో ముసలివాళ్ళు, చంటిబిడ్డల తల్లులు, పెద్ద రైతులు మాత్రం ఉంటారు. చౌడేశ్వరి పదేళ్ళ వయసులో మొదటిసారి లారీ ఎక్కింది. ఇప్పుడు ముప్పైనాలుగు. మధ్యలో ఎక్కనిది కూతురు పుట్టిన ఏడు ఒక్కటే.

ఆ కూతురు ప్రణీత పోయినేడు ఎనిమిదో తరగతిలో ఉండగా వాళ్ళతో సుగ్గికి వచ్చింది. పిల్ల చురుకు. రెండో వారానికే పెద్దవాళ్ళతో సమానంగా మిరపకాయలు కోసింది. చేతులు మంటలెత్తితే బురద పూసుకుని మళ్ళీ చేలోకి దిగింది. అదంతా చౌడేశ్వరి ఓర్చుకుంది, తనూ అట్లాగే పెరిగింది కాబట్టి. ఊరికొచ్చాక బడికి పోయిన మూడో రోజు పిల్ల పుస్తకాల సంచి మూలకు పెట్టి, “నేనింక బడికి పోనమ్మా. సారు చెప్పేది నాకేం తెలీడం లేదు,” అంది. ఏడవలేదు. తన పొరపాటును ఒప్పుకున్నట్టు మెల్లగా చెప్పింది. చౌడేశ్వరి ఆ సంచి తీసి మళ్ళీ కొక్కేనికి తగిలించింది. మర్నాడు పిల్లను తనే చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయింది.

“ఈడుండి ఏం తింటాము?” అన్నాడు నాగప్ప ఇప్పుడు.

తెలివితక్కువ ప్రశ్నేం కాదది. జనవరి తర్వాత ఊళ్ళో పనులుండవు. రేషన్ బియ్యం సగం నెల దాటవు.

“అందుకే అడుగుతాండా. తినేది ఇప్పుడు విత్తుకుంటేనే అప్పుడు ఉంటాది,” అంది చౌడేశ్వరి.

నాగప్ప చెడ్డవాడు కాదు. భార్యను పల్లెత్తు మాట అనే మనిషీ కాదు. అయితే కొత్త సంగతి ఏదైనా ఎదురైతే పక్కకు తప్పుకోవడం అతని అలవాటు. “భూమి మా అమ్మ పేర ఉండాది. పోయి ఆమెనడుగు,” అని గోడ పక్కనుంచి దాటుకుని వెళ్ళిపోయాడు. అమ్మ ఒప్పుకోదని అతని నమ్మకం.

అతని తల్లి ఓబులమ్మ పెరట్లో పాత చీరలతో బొంత కుడుతోంది. డెబ్బై దాటిన మనిషి. చౌడేశ్వరి చెప్పిందంతా తల ఎత్తకుండా వింది. దారం కొరికి, సూదిని బొంతకే గుచ్చి, “ఆ నాలుగు నెలలూ నువ్వు నిజంగా ఈడనే ఉంటావా?” అని అడిగింది.

“ఉంటా అత్తా.”

ఓబులమ్మ రెండు చేతులూ చాచి బొటనవేళ్ళు చూపించింది. కలుపు తీసీ తీసీ, రోకలి పట్టీ పట్టీ నున్నగా అరిగిపోయిన వేళ్ళు.

“పోయినేడు మీరు పోయినంక రెండు నెల్లు నాకు బియ్యం రాలేదు. రేషనంగట్లో మిషను మీద ఏలు పెడితే ముద్ర పడలేదు. కడిగి పెట్టినా, నూనె రాసి పెట్టినా పడలేదు. ఇంట్లో ఇంకొక మనిషిని తోలుకరా అవ్వా, వాళ్ళ ఏలు పెడితే ఇస్తానన్నాడు డీలరు. యాడుండారు మనుషులు?”

చౌడేశ్వరి అత్త పక్కనే కూర్చుంది. “మరి ఏం తిన్న్యావు?”

“పొద్దున ఒక రొట్టె. పిండి ఐపోయినంక చెనగాకు ఉడకబెట్టుకున్న్యా. ఒక్కోనాడు నీళ్ళు తాగి పండుకున్న్యా.”

“ఫోన్లో ఒక మాట చెప్పకూడదా అత్తా?”

“చెప్తే ఏం చేస్తారు? పని ఇడిసిపెట్టి వస్తారా?” ఓబులమ్మ మళ్ళీ సూది తీసుకుంది. “వానికి చెప్పొద్దు. బాధపడతాడు.”

ఏప్రిల్‌లో తిరిగొచ్చినప్పుడు అత్త రవిక భుజాల మీద వేలాడుతూ ఉండటం చౌడేశ్వరి చూసింది. ఎండలకు చిక్కిందనుకుంది. అంతకుమించి అడగలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పుడు తలెత్తి అత్త మొహం చూడలేకపోయింది.

నాగప్ప ఊరినుంచి రాగానే ఓబులమ్మ ఒకే మాట చెప్పింది. “బండ పక్క ఎకరా దానికియ్యి. నేను చెప్తాండా.” ఎందుకని అడిగితే మళ్ళీ అదే మాట చెప్పింది. పాకెట్లు మూడెకరాలకు తెచ్చి ఉన్నాడు. గొణుక్కుంటూ ఒక ఎకరా పాకెట్లు మర్నాడు వెనక్కి ఇచ్చి వచ్చాడు.

కొర్ర విత్తనం దొరకడమే కష్టమైంది. ఊళ్ళో ఎవరింట్లోనూ లేదు. పక్క ఊళ్ళో ఉన్న తన పిన్నమ్మ దగ్గరికి చౌడేశ్వరి నడిచిపోయి మూడు సేర్లు కొంగున కట్టుకొచ్చింది. విత్తే గొర్రు తోలడానికి నాగప్పే వచ్చాడు. మొహం ముడుచుకుని తోలినా సాలు మాత్రం వంకర పోనివ్వలేదు.

ఆగస్టులో ఇరవైఅయిదు రోజులు చుక్క పడలేదు. పత్తి చెట్లు వాడిపోయి మళ్ళీ తేరుకున్నాయి. కొర్ర మోకాలెత్తు కూడా పెరగకుండానే ఎన్ను వేసింది. గింజ పాలు పోసుకునే వేళకు పిచ్చుకలు దిగాయి. ఓబులమ్మ పొద్దున్నే చేలోకి పోయి డబ్బా వాయిస్తూ కూర్చునేది. కోసి, నూర్చి, తూర్పార పట్టాక ఆరు బస్తాలు వస్తాయనుకున్నది నాలుగే వచ్చాయి. నాలుగో బస్తా మూతి కుట్టడానికి కూడా నిండలేదు.

“చూస్తివా?” అన్నాడు నాగప్ప.

“చూసినా. నాలుగు బస్తాలు చూసినా,” అంది చౌడేశ్వరి. బస్తాల మధ్య ఎండిన వేపాకు పరిచి గోడకు ఎడంగా పేర్పించింది.

జనవరి రెండో వారంలో తెల్లారేసరికి లారీ వచ్చి రచ్చకట్ట దగ్గర ఆగింది. మూటలు, బకెట్లు, కోళ్ళ గంపలు, నిద్రమొహాల పిల్లలు. నాగప్ప తన సంచి పైకి విసిరి, ఆఖరిసారి అడుగుదామన్నట్టు వెనక్కి వచ్చాడు. అత్త, కోడలు, ప్రణీత ముగ్గురూ వాకిట్లో నిలబడి ఉన్నారు.

“అందరూ పోతాండారు. నువ్వొక్కదానివే ఏమే ఇట్ల? మా అమ్మ ప్రతి ఏడూ ఈడ ఒంటిగా ఉంటాది. ఏమన్నా అయిందా? నాలుగు నెల్లు ఇట్టే పోతాయి.”

చౌడేశ్వరి అత్త వైపు చూసింది. నాగప్పకు చెప్పనని ఆమెకు మాట ఇచ్చి ఉంది. ఓబులమ్మే రెండడుగులు ముందుకొచ్చింది.

“ఏం కాలేదని నీకెవురు చెప్పినారు రా?” అంది. ఆమె గొంతు పెద్దది కాదు, కానీ లారీ పక్కన నిలబడిన వాళ్ళందరూ తిరిగి చూశారు. “పోయినేడు రెండు నెల్లు నా పొయ్యిలో సరిగా నిప్పు లేదు. ముద్ర పడలేదని బియ్యమియ్యలేదు. ఆకు తిని బతికినా. నువ్వు ఫోన్లో తింటివా అమ్మా అంటే, తింటి నాయనా అన్న్యా. నీకు చెప్పొద్దని చౌడితో అన్నది నేనే. ఈ ఏడు అది నాతో ఉంటాది. నా ఇంట్లో గింజలుండాయి.”

నాగప్ప తల్లి దగ్గరికి ఒక అడుగు వేశాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. మేస్త్రీ అతని పేరు పిలిచాడు. పోనని చెప్పడానికి లేదు, మూటలెత్తే మనుషుల్లో అతని పేరు రాసుకున్నారు. చివరికి వంగి తల్లి కాళ్ళు తాకి లారీ వైపు నడిచాడు.

అప్పుడే లారీ మీదనుంచి రత్నమణి గొంతు వినిపించింది. ఆమె వాళ్ళ పక్కింటావిడ. కూతురు శివలీల ప్రణీత కంటే ఏడాది చిన్నది.

“లీలా, నువ్వు దిగు.”

“అమ్మా?”

“దిగమంటాండా. చౌడక్క దగ్గరుండు.” రత్నమణి పిల్లను చంకల కింద పట్టుకుని కిందికి దించింది. వెనకాలే ఒక జొన్న మూట కూడా వదిలింది. “అక్కా, దీన్ని ఉంచుకుంటావు కదా? ఇది తినేది శానా తక్కువ.”

ఆమె మొగుడు ఏదో అనబోయాడు. రత్నమణి అతని వైపు చూడనైనా చూడలేదు. లారీ కదిలేలోగా ఇంకొకావిడ తన ఇద్దరు ఆడపిల్లలను దించింది. వాళ్ళతో పాటు సగం మూట సజ్జలు. దుమ్ము రేపుకుంటూ లారీ వెళ్ళిపోయాక చౌడేశ్వరి వాకిట్లో నలుగురు ఆడపిల్లలున్నారు.

“నువ్వు లెక్కేసింది ముగ్గురికి కదా?” అంది ఓబులమ్మ.

“ఆఁ. ఇప్పుడు ఆరుగురికి వేయాల,” అంది చౌడేశ్వరి.

మధ్యాహ్నం బడిలో అన్నం పెడతారు. మిగిలిన రెండు పూటలూ ఇంట్లోనే. రేషన్‌కు చౌడేశ్వరే పోయి వేలు పెట్టి బియ్యం తెచ్చింది. పిల్లలు బడినుంచి వచ్చాక వంతులవారీగా కొర్రలు దంచేవాళ్ళు. కొర్రన్నం, కందిబేడల పప్పు, గోంగూరతో పుల్లటి పుండికూర, నంజుకోవడానికి ఉరిమిండి పచ్చడి. ఇంట్లో ఒక పద్ధతి మార్చింది చౌడేశ్వరి. ఓబులమ్మ జన్మంతా అందరూ తిన్నాక అడుగున మిగిలింది తిన్న మనిషి. చౌడేశ్వరి కూడా ఆమెను చూసి అదే నేర్చుకుంది. ఇప్పుడు కుండ మధ్యలో పెట్టి ఆరుగురూ చుట్టూ కూర్చునేవాళ్ళు. మొదటి వారం ఓబులమ్మ ఏదో పని పెట్టుకుని లేచిపోయేది. శివలీల పోయి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేది. తర్వాత తనే ముందుగా వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది.

నాగప్ప వారానికోసారి ఫోన్ చేసేవాడు. ముందు “అమ్మ తినిందా?” అని అడిగేవాడు. తర్వాత, “అమ్మకియ్యి ఫోను, ఆమెతోనే చెప్పించు,” అనేవాడు.

ఫిబ్రవరి చివర్లో చౌడేశ్వరి బస్తాలు తడిమి చూసింది. మూడు ఖాళీ. నాలుగోది నడుం దాకా ఉంది. పిల్లలతో వచ్చిన మూటలు ఎప్పుడో అయిపోయాయి. పిల్లల పరీక్షలు అయ్యేసరికి ఇంకా యాభై రోజులు. గట్టిగా తింటే ఇరవై రోజులు, చేయి బిగించుకుంటే నెల. చేయి బిగించడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. ముందు తను తగ్గిస్తుంది, తర్వాత అత్త తగ్గిస్తుంది, ఆ తర్వాత ఆకలి లేదని పిల్లలు చెప్పడం నేర్చుకుంటారు.

“అది జరగనియ్యను,” అని పైకే అంది, పక్కన ఎవరూ లేకపోయినా.

మర్నాడు పొద్దున ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళతో మాట్లాడుకుని బసవరాజు ఇంటికి పోయింది. ఊళ్ళో పెద్ద రైతు అతను. చెరువు కింద ఆరెకరాలలో జొన్న వేశాడు. పంట కోతకొచ్చి వారమైంది. కోసే మనుషులు లేరు, ఊరంతా గుంటూరు పక్క ఉంది.

“కోతకు మనుషులు కావాలంట కదా బసవరాజప్పా?”

బసవరాజు కుర్చీలోంచి ముందుకు వంగాడు. “నువ్వు పోలేదా సుగ్గికి? ఎంతమంది ఉండారు?”

“ఎనిమిదిమంది ఆడోళ్ళం. కోసి, కంకులు ఇరిచి, సొప్ప కట్టలు కట్టి పోతాం. కూలి దుడ్లు వద్దు. జొన్నలియ్యి. మనిషికి దినానికి అయిదు సేర్లు.”

“గింజల కూలి ఎప్పుడో పోయింది కదమ్మా. దుడ్లు ఇస్తా, నీకేం కావాల్నో కొనుక్కో.”

“నువ్విచ్చే దుడ్లకు అంగట్లో మూడు సేర్లు కూడా రావు. నాకు తినేది కావాల. నీ కళ్ళంలోనే ఉండాది అది.”

బసవరాజు నవ్వాడు. “నువ్వు కోయకుంటే మిషను పిలిపిస్తా.”

“పిలిపించు. మిషను గింజ ఇస్తాది. సొప్ప నలిపి చేలోనే పారేస్తాది. నీ కొట్టంలో పన్నెండు బర్రెలుండాయి. ఎండాకాలం వాటికేం ఏస్తావు?”

అతను కొట్టం వైపు ఒకసారి చూశాడు. “నాలుగు సేర్లు,” అన్నాడు.

“అయిదు. ఆరో నెల గర్భిణి ఒకామె ఉండాది, మా అత్త ఉండాది. వాళ్ళకూ అయిదే.”

“మీ అత్తకా? ఆమె ఏం కోస్తాది?”

ఓబులమ్మ అప్పటిదాకా గేటు బయట నిలబడి ఉంది. లోపలికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. “నేను కూర్చుని కంకులు ఇరుస్తా. నా పక్కన నీ కొడుకును కూర్చోబెట్టు. పొద్దు గూకేలోపు ఎవురి కుప్ప పెద్దదో చూద్దాం.”

బసవరాజు భార్య లోపలినుంచి పకపకా నవ్వింది. “ఒప్పుకో. ఆమె చేయి నాకు తెలుసు,” అని కేకేసింది.

పన్నెండు రోజులు కోశారు. నల్లరేగడి నెర్రెలిచ్చి కాళ్ళు ఇరుక్కునేవి. జొన్న ఆకు చేతులమీద గీతలు గీసేది. గర్భిణిని నీడన కూర్చోబెట్టి కట్టలకు తాళ్ళు పేనే పని ఇచ్చారు. నాలుగో రోజు బసవరాజు మనిషి కొలపాత్ర నిండకుండా కొలుస్తుంటే చౌడేశ్వరి అతని చేతిలోంచి పాత్ర తీసుకుంది. గింజలు గోపురంలా నిలిచేదాకా పోసి, “ఇది సేరు,” అంది. ఆ తర్వాత అతను అట్లాగే కొలిచాడు. పన్నెండో రోజు అత్తాకోడళ్ళు రెండు బస్తాల జొన్నలు ఇంటికి చేర్చారు. ఆ పూట ఓబులమ్మ వేడి వేడి రొట్టెలు తడుతుంటే పిల్లలు లెక్క మరిచి తిన్నారు. చౌడేశ్వరి ఎవరినీ ఆపలేదు. తనూ మూడు రొట్టెలు తింది.

ఏప్రిల్‌లో లారీ తిరిగొచ్చింది. నాగప్ప ఎండకు నల్లబడి, చిక్కి దిగాడు. పిల్లలు పరీక్షలు రాసి వాకిట్లో గచ్చకాయలాడుతున్నారు. ఓబులమ్మ బుగ్గల్లో గుంటలు పూడాయి. అతను తల్లిని తేరిపార చూశాడు. కాళ్ళు కడుక్కుని అందరితో పాటు కుండ చుట్టూ కూర్చున్నాడు. చౌడేశ్వరి వడ్డిస్తుంటే, “ముందు అమ్మకు పెట్టు. నువ్వూ కూర్చో,” అన్నాడు. మర్నాడు తల్లిని బండి వెనక కూర్చోబెట్టుకుని ఎమ్మిగనూరు తీసుకుపోయాడు. వేలి ముద్ర పడకపోతే మిషనులో కంటిపాప చూపించి బియ్యం తీసుకోవడానికి వీలుందని ఎవరో చెప్పారట. ఒక్క తిరుగుడుతో పని కాలేదు. మూడుసార్లు తీసుకుపోయి, రాయించుకునే వచ్చాడు.

అంతా సర్దుకుపోలేదు. వచ్చే ఏడు కూడా తను సుగ్గికి పోక తప్పదని నాగప్ప చెప్పాడు. రెండెకరాల పత్తితో ఇల్లు గడవదు, అది చౌడేశ్వరికీ తెలుసు. “నువ్వు పో. పాప మాత్రం పోదు. నేనూ పోను,” అంది. ఈసారి అతను ఎదురు చెప్పలేదు.

ప్రణీత పదో తరగతికి వచ్చింది. జూన్‌లో మబ్బులు కమ్ముతుండగా ఒక్కొక్కరే ఆడవాళ్ళు చౌడేశ్వరి ఇంటికి రావడం మొదలుపెట్టారు. విత్తనం కోసం ఆమె కొర్ర వేరుగా దాచి ఉంచింది. ఓబులమ్మ అరుగు మీద కూర్చుని ఒక్కొక్కరి కొంగులో కొలిచి పోసింది. అర ఎకరాకని కొందరు, ఎకరాకని ఇద్దరు. పంటొచ్చాక రెండింతలు తిరిగివ్వాలి, అది ఇంకొకరికి పోవాలి. అదొక్కటే షరతు.

అందరూ పోయాక రత్నమణి మిగిలింది. కొంగు చాచలేదు.

“మా ఆయన ఒప్పుకోడం లేదక్కా. నేలంతా పత్తే అంటాండాడు. లీలను ఈసారి సుగ్గికి తోలుకపోతా అంటాండాడు.”

“యాడుండాడు ఇప్పుడు?”

“చేలో. గుంటక తోలతాండాడు.”

చౌడేశ్వరి రెండు సేర్ల కొర్రలు కొలిచి ఒక గుడ్డలో మూట కట్టింది. కొంగు నడుముకు దోపుకుని, చెప్పులు తొడుక్కుంది.

“పద. ఆయప్పతో నేను మాట్లాడతా,” అంది.

ఓబులమ్మ కర్ర పట్టుకుని అరుగు దిగింది. “ఉండండి, నేనూ వస్తా,” అంది. ముగ్గురూ చేలదారి పట్టారు.